హై బీమ్ పోయిన కారులో హంసలదీవికి

మాది నందికొట్కూరు. మాకు దగ్గర్లోనే సంగమేశ్వరం దగ్గర తుంగభద్ర వచ్చి కృష్ణలో కలుస్తుంది. వేసవిలో నీళ్ళు దిగి గుడి బయటపడ్డప్పుడు అందరం వెళ్ళి చూసి వస్తుంటాం. ఒకసారి అక్కడి మెట్ల మీద కూర్చుని ఉండగా మా వదిన రాజ్యలక్ష్మి, "ఈ నీళ్ళన్నీ కడాకు యాడికి పోతాయి సుజాతా?" అని అడిగింది. సముద్రంలోకి అన్నాను. "అది నాకూ తెలుసులే. ఆ చోటు నువ్వు చూస్తివా?" అంది. చూడలేదన్నాను. బళ్ళో ఇన్నేళ్ళుగా లెక్కలు చెబుతున్నా, కారు నడపడం నేర్చుకున్నా, ఆ చోటు చూడాలన్న ఆలోచన మాత్రం నాకెప్పుడూ రాలేదు.

రాజ్యలక్ష్మి వదిన మా ఆయనకు అక్క. మా ఇంటి ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని ఊళ్ళో ఆడవాళ్ళ జాకెట్లు కుడుతుంది. మా ఆయనకు దూరప్రయాణాలు పడవు. అందుకని క్రిస్మస్ సెలవుల్లో మేమిద్దరమే మా పాత చిన్న కారులో బయల్దేరాం. పెదనలో కలంకారీ గుడ్డ కొనాలని వదినకు ఎప్పట్నుంచో కోరిక. హంసలదీవిలో కృష్ణ సముద్రంలో కలిసే చోటు చూడాలని ఇద్దరికీ ఉంది.

గుడివాడ

కంకిపాడు దాటినప్పటినుంచి రోడ్డు పక్కన కాలువ మమ్మల్ని వదల్లేదు. మా వైపు కాలువలో నీళ్ళు వస్తే పిల్లల్ని తీసుకెళ్ళి చూపిస్తాం. ఇక్కడ నీళ్ళ వంక ఎవరూ చూడనైనా చూడరు. గేదెలు మునిగి ఉన్నాయి, బాతులు ఈదుతున్నాయి, ఒకాయన తన స్కూటర్ కడుక్కుంటున్నాడు. వదిన అద్దం దించి అట్లాగే చూస్తూ కూర్చుంది.

పామర్రు దగ్గర చీకటి పడింది. దూరం కనబడేలా హై బీమ్ వేద్దామని స్టీరింగ్ పక్కనున్న పుల్ల నెట్టాను. లైటు రాకపోగా ముందున్న వెలుగు కూడా పోయింది. వెంటనే వెనక్కి లాగితే లో బీమ్ వచ్చింది. మళ్ళీ నెట్టి చూశాను, అదే తంతు. మీటర్ల దగ్గర వెలగాల్సిన నీలం గుర్తు కూడా వెలగలేదు. లో బీమ్ తోనే, ఎదుటి బండ్ల వెలుగులో దారి చూసుకుంటూ మెల్లగా గుడివాడ చేరాం.

ఊళ్ళోకి రాగానే అరటిపళ్ళ బండి దగ్గర ఆపి, కార్ల ఎలక్ట్రీషియన్ ఎక్కడుంటాడని అడిగాను. బండాయన దారి చెప్పబోయి మానుకుని, పక్క బండామెతో "కాస్త చూస్తా ఉండండి" అని చెప్పి మా ముందు నడుచుకుంటూ బయల్దేరాడు. రెండు సందులు తిరిగి షాపు చూపించి, పళ్ళు కొంటామంటున్నా ఆగకుండా వెళ్ళిపోయాడు.

షాపులో ఉన్నది కళ్ళజోడు నుదుటి మీదకు నెట్టుకున్న పెద్దాయన. "రెండు బల్బులూ ఒక్కసారే పోవడం అరుదండీ. ముందు ఫ్యూజు చూద్దాం" అంటూ స్టీరింగ్ కింద చెయ్యి పెట్టి చిన్న ప్లాస్టిక్ ముక్క పీకి నా చేతిలో పెట్టాడు. లోపలి తీగ తెగి ఉంది. మా కారులో రెండు వైపులా హై బీమ్ కి కలిపి ఒకటే ఫ్యూజు. కొత్తది పెట్టగానే ఎదురు గోడ మీద రెండు వెలుగులూ పడ్డాయి.

"ఎందుకు పోయిందండీ?" అన్నాను.

"ఒక్కోసారి ఊరికే పోతాదండీ. మళ్ళీ పోయిందంటే మాత్రం ఎక్కడో వైరు బాడీకి తగులుతున్నట్టు. అప్పుడు వదిలెయ్యకండి, వెతికించండి."

ఆ మాట ఎంత దాకా వస్తుందో అప్పుడు నాకు తెలియదు. రాత్రి గుడివాడలోనే ఉండి, పొద్దున్నే ఉప్మా పెట్టిన పెసరట్టు తిన్నాం. మా వైపు పొద్దున్నే బొరుగులతో చేసిన ఉగ్గాని, బజ్జి తినే అలవాటు. వదిన పెసరట్టు తుంచి తుంచి చూసింది. "అట్టులో ఉప్మా ఏంటికి పెడతారు?" అని నన్ను మెల్లగా అడిగింది. తర్వాత ఇంకో అట్టు తెమ్మంది.

పెదన

గుడ్లవల్లేరు మీదుగా వెళ్ళాం. ఒక పక్క కోత కోసిన పొలాలు, ఇంకో పక్క ఇంజనీరింగ్ కాలేజీ బస్సులు. పుస్తకాలు చంకన పెట్టుకున్న ఆడపిల్లలు ధాన్యం ట్రాక్టరుకు దారిచ్చి పక్కకు తప్పుకుంటున్నారు.

పెదన సందులన్నీ గతుకులే. కారు ఎగిరెగిరి పడుతుంటే వదిన పైనున్న పిడి వదలకుండా కూర్చుంది. మేం వెళ్ళిన అచ్చుల షెడ్డులో కృష్ణవేణి అనే ఆవిడ నిలబడి గుడ్డ మీద అచ్చు వేస్తోంది. చెక్క అచ్చును రంగులో ముంచి, గుడ్డ మీద పెట్టి, మణికట్టుతో ఒక దెబ్బ. మళ్ళీ ముంచడం, మళ్ళీ దెబ్బ. ఒక పువ్వుకూ ఇంకో పువ్వుకూ మధ్య అతుకు ఎక్కడుందో నాకు కనబడలేదు. వదినకు కనబడింది. వేలు పెట్టి చూపించి, "ఇక్కడ గదా?" అంది.

కృష్ణవేణి చెయ్యి ఆపి వదిన వంక చూసింది. "మీరు కుడతారా అక్కయ్యగారూ?"

"జాకెట్లు కుడతా."

ఆ తర్వాత వాళ్ళిద్దరికీ నేను అక్కడున్న సంగతే గుర్తు లేదు. రంగు పట్టడానికి గుడ్డను కరక్కాయ నీళ్ళల్లో పాలు కలిపి ముంచుతారట. "గుడ్డకు పాలు పోస్తారా?" అని వదిన రెండుసార్లు అడిగింది. కొన్న గుడ్డ కాక, అచ్చు కాస్త పక్కకు జరిగిందని తీసి పెట్టిన ముక్కలు కూడా కృష్ణవేణి మూట కట్టి ఇచ్చింది. "అతుకు ఎక్కడుందో కనిపెట్టారు గదా, దాన్ని ఎక్కడ దాచాలో కూడా మీకే తెలుస్తాది" అంది. కారులో ఆ మూటను వదిన ఒళ్ళోంచి దించలేదు.

బందరు

మచిలీపట్నాన్ని అక్కడివాళ్ళంతా బందరనే అంటారు. బోర్డు మీద ఒక పేరు, నోట్లో ఇంకో పేరు. బందరు లడ్డు మా లడ్డులా పూసపూసగా ఉండదు. నూరి నూరి చేసినట్టు మెత్తగా ఉండి, వేలితో నొక్కితే నెయ్యి అంటుతుంది. దుకాణంలో కొనకముందే రుచికి ఇంత పెద్ద ముక్క చేతిలో పెట్టారు. మా ఊళ్ళో అయితే అది ఒక లడ్డు కింద లెక్క.

ఆ సాయంత్రం లాడ్జి ఆవరణలో కారు పెడుతూ హై బీమ్ వేసి చూశాను. లేదు. గుడివాడ పెద్దాయన మాట గుర్తొచ్చింది. నేను ఫ్యూజు పీకి చూస్తుంటే, పక్క గదిలో దిగిన ఒకాయన బయటికొచ్చి సాయం చేస్తానన్నాడు. "దానికేముందండీ, సిగరెట్ పెట్టెలో వెండి కాగితం ఉంటాది చూడండి, అది ఫ్యూజుకి చుట్టి పెట్టెయ్యండి. ఇంక పోమన్నా పోదు" అని కాగితం కూడా తెచ్చి ఇచ్చాడు. మంచి మనసుతోనే చెప్పాడు. కాగితం తీసుకుని హ్యాండ్ బ్యాగులో పెట్టుకున్నాను. పొద్దున చుట్టాలనే అనుకున్నాను.

గిలకలదిండి

తెల్లవారగానే రేవుకు వెళ్ళాం. మరబోట్లు ఒడ్డుకు చేరి ఉన్నాయి. చేపల్ని నేల మీద గుట్టలుగా పోసి వేలం పాడుతున్నారు. పాటపాడే ఆయన ఎంత వేగంగా అంటాడంటే, ధర ఎప్పుడు ఎవరి దగ్గర ఆగిందో మాకు తెలిసేలోపే గుట్ట లేచిపోయేది. కొనేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, ఐసు నీళ్ళల్లో నిలబడి, కనుబొమ్మ ఎత్తితే చాలు, సరుకు వాళ్ళదైపోతుంది.

ఐసు వ్యాను పక్కన మా కారు పెట్టాం. వ్యాను నడిపే ఏసు అనే ఆయన టీ తాగుతున్నాడు. నేను వెండి కాగితం తీసి ఫ్యూజుకు చుట్టబోతుంటే గ్లాసు కింద పెట్టి వచ్చాడు.

"అట్టా చెయ్యమాకండి మేడమ్ గారూ."

"ఏం?"

"ఇదివరకటి నా వ్యానుకి అట్టాగే చుట్టానండీ. నాగాయలంక రోడ్డులో తగలబడిపోయింది. నేను దూకేశాను గానీ బండి మిగల్లా." ఆ మాట ఆయన చాలా మామూలుగా చెప్పాడు. తన వ్యానులోంచి సరైన ఫ్యూజు తీసి పెట్టి, ఇంకో రెండు నా చేతిలో పెట్టాడు. ఐసు గదిలో చీకటిగా ఉంటే ఆ తలుపు వైపు కారు తిప్పించి, హై బీమ్ వెలిగిందో లేదో చూశాడు. "అవనిగడ్డలో చూపించుకోండి. ఈ లోపల మళ్ళీ పోతే ఇట్టాంటిదే పెట్టుకోండి, పెద్దది మాత్రం పెట్టమాకండి" అన్నాడు. కాగితం నా చేతిలోంచి తీసుకుని నలిపి జేబులో వేసుకున్నాడు.

కోడూరు రోడ్డు

చల్లపల్లి, మోపిదేవి దాటి పులిగడ్డ దగ్గర దివిసీమలోకి వచ్చాం. అక్కడ కాలువ వంతెన మీదుగా నదిని దాటుతుంది. నీళ్ళ మీదుగా నీళ్ళు పోవడం చూసి వదిన కారు ఆపించింది. దారిలో ఆగి ఆగి సాయంత్రానికి అవనిగడ్డ చేరితే ఎలక్ట్రీషియన్ షాపుకు తాళం. పెళ్ళికెళ్ళాడు, రేపు పొద్దున వస్తాడు అన్నారు పక్క షాపువాళ్ళు. మా బళ్ళో పనిచేసే టీచరు గారి చుట్టాలు కోడూరులో ఉన్నారు, రాత్రికి వాళ్ళింట్లో ఉండి పొద్దున్నే సముద్రం చూద్దామనుకున్నాం. హై బీమ్ వెలుగుతూనే ఉంది కదా అని బయల్దేరాను.

మసక చీకటి, పైన పల్చగా మంచు. రోడ్డుకు కుడిపక్క కాలువ. ఎడమపక్క రోడ్డు మీదే ధాన్యం ఆరబోసుకున్నారు. రాశుల అంచుకు రాళ్ళు పెట్టి ఉన్నాయి. హై బీమ్ లో అవి దూరం నుంచే కనబడుతుంటే కుడివైపుకు తప్పుకుంటూ పోతున్నాను. ఒక తూము మీద కారు ఎగిరింది. మొత్తం వెలుగు ఒక్కసారిగా పోయింది.

ఎదర ఏమీ లేదు. రోడ్డు లేదు, కాలువ లేదు. కుడికి తిప్పితే నీళ్ళల్లో పడతానని మాత్రం తెలుసు. బ్రేకు తొక్కి ఎడమకు కొట్టాను. చక్రాల కింద రాయి ఎగిరిన చప్పుడు, తర్వాత వడగళ్ళ వాన పడుతున్నట్టు ఒక సవ్వడి, కారు మెత్తటి దాంట్లో కూరుకుని ఆగింది. చెయ్యి దానంతటదే పుల్లను వెనక్కి లాగింది. లో బీమ్ వచ్చింది. వెలుగులో చెల్లాచెదురైన ధాన్యం. ఆ పక్కన, నేల మీద నుంచి మోకాళ్ళ మీద లేస్తూ ఒక మనిషి.

నేను దిగి డోరు పట్టుకున్నాను. ఆయన లేచి నిలబడి పంచె దులుపుకున్నాడు. అరవై ఏళ్ళుంటాయి. "ఇంజను ఆపమాకమ్మా, లైటు ఉండనియ్యి" అన్నాడు ముందు. తర్వాత, "మీకేం తగల్లేదు గదా?" అన్నాడు.

"లైటు పోయిందండీ" అన్నాను.

"చూశాను. పెద్ద లైటు వస్తా వస్తా ఉండి మాయమైంది. అందుకే దూకాను."

ఈలోపు ఎదుటి ఇంట్లోంచి ఆయన భార్య టార్చిలైటుతో పరుగెత్తుకొచ్చింది. ముందు ఆయన్ని తల నుంచి కాళ్ళ దాకా తడిమి చూసింది. తర్వాత నా వైపు తిరిగింది. "మడిసి కనపడట్లేదా అమ్మా? చంపేసేదానివి గదా" అంది. నేను తల దించుకున్నాను. ఆమె అన్న ప్రతి మాటా నిజం. అప్పుడు వదిన కారు దిగి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని, "తప్పయిందమ్మా. చీపురు యాడుందో చెప్పు, వడ్లు ఎత్తుతాం" అంది. ఆమె చెయ్యి విడిపించుకుని ఇంట్లోకెళ్ళి రెండు చీపుళ్ళు తెచ్చింది.

ఆయన పేరు సాంబశివరావు, ఆమె నాగమణి. కౌలుకు చేస్తున్నారు. మర్నాడు వాన పడొచ్చని టీవీలో చెప్పారట. ఆ సాయంత్రం ధాన్యమంతా రాశి చేసి ప్లాస్టిక్ బరకాలు కప్పుతున్నారు. మేం పడింది సరిగ్గా ఆ పని మధ్యలో. నలుగురం కలిసి ఊడ్చాం. లో బీమ్ నేల మీదే పడుతుంది కాబట్టి ఒక్కో గింజా కనబడింది. ఆ దారిన పోతున్న మోటారు సైకిలాయన ఒకరు ఆగి, వెనక నుంచి వచ్చే బళ్ళు మా మీదకు రాకుండా తన బండి లైటు ఆర్పుతూ వెలిగిస్తూ పని అయ్యేదాకా నిలబడ్డాడు. ఆయన పేరు కూడా మేం అడగలేదు.

"వడ్లల్లో రాళ్ళు కలిసినాయమ్మా ఈడ" అంది వదిన ఒకచోట.

నాగమణి మొదటిసారి నవ్వింది. "మేం ధాన్యం అంటామండీ. వడ్లంటే మా అమ్మమ్మ అనేది." రాళ్ళు కలిసిన ధాన్యాన్ని విడిగా ఒక బస్తాలోకి ఎత్తింది. "ఇది ఇంట్లో తినడానికి ఉంచుకుంటాంలే, చెరిగి" అంది. ఆ బస్తా ధర ఇస్తానంటే సాంబశివరావుగారు ఒప్పుకోలేదు. "రోడ్డు మీద పొయ్యకూడదమ్మా మేం. కళ్ళం లేక పోస్తున్నాం. సగం తప్పు మాది" అన్నారు. నేను కాదన్నాను. ఆయన వినలేదు.

బరకాలు కప్పి అంచులకు రాళ్ళు పెట్టాక, ఇప్పుడు కోడూరు వెళ్ళొద్దని నాగమణి కారు తాళాలు అడిగి తీసుకుంది. వేడి అన్నం, చేపల పులుసు, గడ్డ పెరుగు పెట్టింది. రాత్రి పూట మా ఇంట్లో జొన్నరొట్టె తింటాం. ఇక్కడ మూడు పూటలా అన్నమే. నేను నాలుగు ముద్దలు తిని ఆగిపోతే నాగమణి గమనించింది. "ఆయనకేం కాలేదు గదా వదినగారూ. తినండి" అంది. నన్ను అంతగా తిట్టిన మనిషి వదినగారూ అనేసరికి నాకు ఏడుపొచ్చింది. అప్పటిదాకా రాలేదు.

అవనిగడ్డ

మర్నాడు పొద్దున మేం వెనక్కి వచ్చేసరికి ఎలక్ట్రీషియన్ బాజీ పెళ్ళి నుంచి వచ్చి షాపు తీశాడు. నేను జరిగిందంతా వరసగా చెప్పాను. మొదటిసారి ఎప్పుడు పోయిందో తెలియదు గానీ, ఆ తర్వాత నున్నటి రోడ్డు మీద ఫ్యూజు ఎప్పుడూ పోలేదు. పెదన సందుల తర్వాత పోయింది, తూము మీద పోయింది.

"అయితే కుదుపుకేనండీ" అన్నాడు. రెండు హెడ్‌లైట్ల ప్లగ్గులూ పీకి, ఫ్యూజు ఉండాల్సిన చోట చిన్న బల్బు తగిలించాడు. వైరు ఎక్కడైనా బాడీకి తగిలితేనే ఆ బల్బు వెలుగుతుందట. నన్ను హై బీమ్ వేసి కూర్చోమన్నాడు. బల్బును చూడమని వదినకు చెప్పి, తను బానెట్ కింద వైర్లను కొంచెం కొంచెంగా కదుపుతూ వెళ్ళాడు. ఎడమ హెడ్‌లైటు వెనక చెయ్యి పెట్టగానే, "వెలిగె" అంది వదిన. చెయ్యి తీశాడు. "ఆరిపోయె."

హెడ్‌లైటు డబ్బా విప్పి బయటికి తీస్తే, వెనక ఎలుక గూడు. వైరు మీది తొడుగు కొరికి ఉంది, లోపలి రాగి కనబడుతోంది. గూడంతా గుడ్డముక్కలు. వదిన వంగి చూసి ఒక ముక్క పైకి తీసింది. పచ్చటి పట్టు, జరీ అంచు.

"ఇది సుబ్బమ్మ జాకెట్టు గుడ్డ" అంది. "గుడ్డ తక్కువిచ్చినావని ఆమెతో నెల రోజులు పోట్లాడితిని నేను."

ఎలుక మా ఊరిదే. మా ఇంటి పక్క షెడ్డులో కారెక్కి, వదిన గదిలోంచి గుడ్డ మోసుకొచ్చి కాపురం పెట్టింది. బాజీ నవ్వుతూనే వైరుకు టేపు చుట్టి, పైన కొత్త తొడుగు వేసి, బాడీకి తగలకుండా కట్టాడు. వెండి కాగితం సంగతి చెబితే మాత్రం నవ్వు ఆపేశాడు. "చుట్టుంటే ఫ్యూజు పోయేది కాదండీ. వైరు ఎర్రగా కాలేది. పక్కనే ఈ గుడ్డలు" అన్నాడు. నాకు గిలకలదిండి ఏసు గుర్తొచ్చాడు. ఫోన్ చేసి చెబుదామంటే ఆయన నంబరు లేదు. వదిన మాత్రం అక్కడే బల్ల మీద కూర్చుని సుబ్బమ్మకు ఫోన్ చేసి, తప్పు తనదేనని చెప్పింది.

హంసలదీవి

వాన రాలేదు. మధ్యాహ్నం వేణుగోపాలస్వామి దర్శనం చేసుకుని సముద్రం వైపు వెళ్ళాం. ఇసుకలో చాలా దూరం నడిచాం. నది అక్కడ ఎంత వెడల్పుగా ఉందంటే, ప్రవహిస్తోందని చూస్తే తెలియదు. మట్టిరంగు నీళ్ళు, బూడిదరంగు నీళ్ళు పక్కపక్కనే ఉండి, మధ్యలో గీత ఒకటి అటూ ఇటూ జరుగుతోంది. వదిన పాదాలు తడుపుకుని ఆ గీత వంక చూస్తూ చాలాసేపు నిలబడింది. రావడానికి ఇన్నేళ్ళు పట్టిన చోటు.

తిరిగి వచ్చేటప్పటికి మసక పడింది. హై బీమ్ వేశాను. కాలువ గట్టు, రాళ్ళు, రాశులు దూరం దాకా తెల్లగా తేలాయి. రాశులే కాదు, ప్రతి రాశి దగ్గరా ఒక మనిషి ఉన్నాడు. బరకం సర్దుతున్నవాళ్ళు, చెక్క పలకతో ధాన్యం లాగుతున్నవాళ్ళు, దుప్పటి కప్పుకుని కూర్చున్న ముసలమ్మ, పక్కపక్కనే కూర్చుని టిఫిన్ డబ్బా విప్పుతున్న మొగుడూ పెళ్ళాలు. ముందురోజు సాయంత్రం కూడా వీళ్ళంతా ఇక్కడే ఉండి ఉంటారు. నేను రాళ్ళను చూసుకుంటూ వచ్చానే గానీ వీళ్ళలో ఒక్కరినీ చూడలేదు.

మొదటి మనిషి కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకోగానే లైటు దించాను. దాటాక మళ్ళీ పెంచాను. వదినకు సంగతి అర్థమైంది. ముందుకు వంగి అద్దంలోంచి చూస్తూ, "అదో, ఒకాయన" అనేది. నేను దించేదాన్ని. "ఇద్దరు" అనేది. దించేదాన్ని. కొందరు చెయ్యి ఎత్తారు. సాంబశివరావుగారి ఇంటి ముందు ఆగి దిగాం. నాగమణి అన్నం వండుతోందట. ఆయన ఒక్కరే రాశి దగ్గరున్నారు. లైటు బాగైందని చెబితే, కారు ముందుకెళ్ళి రెండు దీపాల వంకా వంగి చూసి, "బాగుంది. ఇంక చీకటి పడకముందే వెళ్ళండి" అన్నారు. అప్పటికే చీకటి పడింది. నాగమణి పిలిస్తే ఆ పూట కూడా అక్కడే తిన్నాం.